ఇద్దరు, ఒక టెంటు, నాలుగు రోజులు: హర్ కీ దూన్‌కి బయల్దేరే ముందు

నలుగురైదుగురు కలిసి కొండెక్కితే, ఒకరి కాలు మడతపడినా ఒకరు తోడు కూర్చుంటారు, మిగిలినవాళ్లు కిందికి దిగి సాయం తెస్తారు. ఇద్దరే వెళ్తే ఆ వెసులుబాటు ఉండదు. ఒకరు పడితే కట్టు కట్టేది, బరువు మోసేది, కబురు చేరవేసేది అన్నీ రెండోవాళ్లే. అదే సమయంలో ఇద్దరికీ కలిపి ఒక టెంటు, ఒక స్టవ్, ఒక గిన్నె చాలు కాబట్టి భుజాల మీద బరువు బాగా తగ్గుతుంది. చిక్కంతా ఇందులోనే ఉంది. సామాను ఎంత పంచుకుంటే సంచి అంత తేలిక, ఒకరి మీద ఒకరు ఆధారపడటమూ అంత ఎక్కువ. ఏది పంచుకోవచ్చు, ఏది ఎవరిది వాళ్ల దగ్గరే ఉండాలి అన్నది ఇంట్లోనే తేల్చుకోవాలి. దారిలో తేల్చుకుందామంటే కుదరదు.

మాట గాల్లో తేలకుండా ఒక దారిని పట్టుకుని చెప్పుకుందాం. ఉత్తరాఖండ్‌లోని ఉత్తరకాశీ జిల్లాలో, గోవింద్ నేషనల్ పార్క్‌లో ఉన్న హర్ కీ దూన్ లోయ. సుమారు 3,500 మీటర్ల ఎత్తు, ఎదురుగా 6,252 మీటర్ల స్వర్గారోహిణి. పాండవులు స్వర్గానికి నడిచిన దారి ఇదేనని అక్కడివాళ్ల నమ్మకం. సామాను తామే మోసుకుంటూ తొలిసారి వెళ్లే ఇద్దరికి ఇది సరైన దారి. దారి చాలావరకు స్పష్టంగా ఉంటుంది, సూపిన్ నది పక్కనే సాగుతుంది, చివరి ఊరైన ఓస్లా దాకా ఊళ్లు తగులుతాయి, కంచరగాడిదలు తోలుకుపోయేవాళ్లు ఎదురవుతుంటారు.

మన దగ్గరే ఎక్కడైనా వెళ్లొచ్చుగా అని చాలామంది అడుగుతారు. నల్లమల, అమ్రాబాద్ అడవులు పులుల అభయారణ్యాలు, ఇష్టమొచ్చిన చోట టెంటు వేసుకుని పడుకోనివ్వరు. శివరాత్రికి ఆత్మకూరు నుంచి వెంకటాపురం, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా శ్రీశైలం నడిచే దారి ఉంది గానీ, అది పండగ రోజుల్లో మాత్రమే తెరిచే దారి. అక్కడ అన్నదానాలు నడుస్తుంటాయి కాబట్టి వంటసామాను మోసే పనే లేదు. అది వేరే తరహా నడక.

ఎప్పుడు, ఎన్ని రోజులు

ఏప్రిల్ చివరి నుంచి జూన్ మధ్య వరకు, మళ్లీ సెప్టెంబరు చివరి నుంచి నవంబరు తొలివారం వరకు. జులై, ఆగస్టుల్లో కొండచరియలు విరిగి రోడ్లు మూసుకుపోతాయి. మే నెలలో కూడా పైన రాత్రి చలి సున్నా దగ్గరకు దిగుతుంది, అక్టోబరు చివరలో సున్నా కిందికే పోతుంది.

ఈ దారికి బయల్దేరే ఊరు సాంక్రీ. డెహ్రాడూన్ నుంచి అక్కడికి దాదాపు 200 కిలోమీటర్లు. ముస్సోరీ, పురోలా, మోరీ, నైట్వార్ మీదుగా కొండరోడ్డు, 8 నుంచి 10 గంటలు పడుతుంది. బస్సులు రైల్వేస్టేషన్ పక్కనున్న కొండబస్సుల స్టాండు నుంచి పొద్దున్నే వెళ్లిపోతాయి కాబట్టి ముందురోజు రాత్రికే డెహ్రాడూన్‌లో ఉండాలి. పురోలా దాటాక ఏటీఎం మీద ఆశపెట్టుకోవద్దు. అక్కడే డబ్బు తీసి రెండు భాగాలు చేసి చెరొకరి దగ్గర పెట్టుకోండి. నైట్వార్‌లో అటవీశాఖ చెక్‌పోస్టు ఉంది. రుసుము కట్టాలి, గుర్తింపుకార్డుల జిరాక్సులు ఇవ్వాలి. ఈ సీజన్‌లో ఎక్కడ టెంటు వేయొచ్చు, స్థానిక గైడు తప్పనిసరా అన్నది ఆ ఆఫీసులోనే అడిగి తెలుసుకోండి. ఇంటర్నెట్‌లో పాత ప్రయాణికులు రాసింది నమ్ముకుని వెళ్లి వెనక్కి తిరిగొచ్చేవాళ్లు ప్రతి ఏడూ ఉంటారు. గైడు తప్పనిసరి అంటే తీసుకోండి. ఇద్దరి ప్రయాణంలో మూడో మనిషి ఉండటం బరువేం కాదు.

నడక ఇలా వేసుకోవచ్చు. సాంక్రీలో (సుమారు 1,950 మీటర్లు) ఒక రాత్రి. మొదటిరోజు తాలుకా వరకు 12 కిలోమీటర్లు జీపులో వెళ్లి, అక్కడి నుంచి గంగాడ్ మీదుగా ఓస్లా లేదా దాని కిందనున్న సీమ అనే చోటికి మరో 12 కిలోమీటర్లు నడక. అక్కడ ఎత్తు 2,560 మీటర్ల ప్రాంతం. రెండోరోజు కలకత్తీధార్ వైపు, హర్ కీ దూన్‌కి సగం దూరం నడిచి, అనుమతి ఉన్న చోట మజిలీ. మూడోరోజు బరువులు టెంటులో వదిలి హర్ కీ దూన్ చూసి మజిలీకి తిరిగి రావడం. నాలుగోరోజు దిగి తాలుకా చేరడం. చాలామంది రెండోరోజే పైకి ఎక్కేసి అక్కడే పడుకుంటారు. పడుకునే ఎత్తు ఒక్కరోజులో 900 మీటర్లకు పైగా పెరుగుతుంది. తలనొప్పితో మూడోరోజంతా టెంటులో గడిపేది ఎక్కువగా వీళ్లే. తిరుగు టిక్కెట్టుకు ముందు ఒక రోజు ఖాళీ ఉంచండి. ఆ రోజు లేకపోతే వాన పడినా, ఒంట్లో బాగోకపోయినా నడవాల్సి వస్తుంది.

ముందు మాట్లాడుకోవాల్సినవి

స్నేహితులైనా, మొగుడూ పెళ్లాలైనా, అన్నదమ్ములైనా నాలుగు ప్రశ్నలు ముందే అడుగుకోవాలి. ఎవరు ఎంత వేగంగా నడుస్తారు? ఫొటోలకు ఎంతసేపు ఆగాలి? తెల్లవారి 5కి లేవడం ఇద్దరికీ కుదురుతుందా? ఒకరికి చాలనిపిస్తే ఏం చేయాలి? మొదటి మూడింటికీ ఎలాగో సర్దుకోవచ్చు. నాలుగోదానికి మాత్రం ఒకటే జవాబు ఉండాలి: ఎవరు తిరిగిపోదామన్నా ఇద్దరూ తిరిగిపోవాలి, కారణం గురించి వాదన సాంక్రీలో టీ తాగుతూ పెట్టుకోవచ్చు. ఈ ఒప్పందం లేకపోతే తలనొప్పి ఉన్నవాళ్లు మొహమాటానికి చెప్పరు. “నీవల్లే పాడైంది” అనిపించుకోవడం ఎవరికీ ఇష్టం ఉండదు కదా. పైకి వెళ్లే రోజు వెనుదిరిగే సమయం కూడా ముందే పెట్టుకోండి. మధ్యాహ్నం 1 గంటకు ఎక్కడున్నా వెనక్కే.

ఇంకొక మాట. ఒకరికి ఉన్న జబ్బులు, వేసుకునే మందులు, పడని మందులు రెండోవాళ్లకు తెలిసి ఉండాలి. ఆస్తమా ఇన్‌హేలర్ సంచిలో ఏ జేబులో ఉందో చీకట్లో తడిమి తీయగలిగేంతగా తెలియాలి.

బరువు లెక్క

సంచి మొత్తం బరువు మనిషి బరువులో అయిదో వంతు దాటకూడదు. 70 కిలోల మనిషికి 14, 55 కిలోల మనిషికి 11. ఇద్దరికీ కలిపి 25 కిలోలు.

ఇప్పుడు సామాను తూకం వేద్దాం. ఒక్కొక్కరి సొంత సామాను: 55-60 లీటర్ల సంచి 1.8 కిలోలు, స్లీపింగ్ బ్యాగ్ 1.4, పరుపుచాప 0.5, బట్టలు 1.8, వానకోటు 0.5, నీళ్లు 1.2, హెడ్‌ల్యాంప్, విజిల్, పవర్ బ్యాంక్, బ్రష్షు వగైరా 0.8. మొత్తం 8 కిలోలు. ఉమ్మడి సామాను: ఇద్దరి టెంటు 2.6, స్టవ్, మూతగిన్నె, రెండు గ్యాస్ డబ్బాలు కలిపి 1.4, తిండి 4.8, మందులు 0.4, నీళ్ల ఫిల్టరు, చిన్న తవ్వుకోల, సూదీదారం, టేపు 0.4. మొత్తం 9.6 కిలోలు. అన్నీ కలిపితే 25.6. ఆరువందల గ్రాములు ఎక్కువైంది. ఎక్కడ తగ్గించాలి? కొందరు వెంటనే వానకోటు తీసేస్తారు. అది చేయొద్దు. ఓస్లాలో హోమ్‌స్టేలు, ఢాబాలు ఉన్నాయి కాబట్టి మొదటి రాత్రి భోజనం, మర్నాటి టిఫిన్ అక్కడే తిన్నారంటే దాదాపు ఆ ఆరువందలూ తగ్గిపోతాయి.

పంచడం సమానంగా కాకుండా బరువును బట్టి ఉండాలి. పై లెక్కలో 55 కిలోల మనిషికి ఉమ్మడి సామానులో 3 కిలోలు, 70 కిలోల మనిషికి 6 కిలోలు. తిండి మాత్రం బరువు తక్కువున్నవాళ్ల సంచిలోంచే ముందు తీసి వండాలి. వాళ్ల భారం రోజురోజుకీ తగ్గుతూ పోతుంది, అలసట వల్ల జరిగే తప్పటడుగులూ తగ్గుతాయి.

టెంటు గుడ్డ ఒకరి దగ్గర, కర్రలు ఇంకొకరి దగ్గర పెట్టుకోమని చాలాచోట్ల రాస్తారు. ఇద్దరి ప్రయాణంలో ఇది మంచి పద్ధతి కాదు. మంచులోనో చీకట్లోనో విడిపోతే ఇద్దరికీ గూడు ఉండదు. టెంటు మొత్తం ఒకరికి, వంటసామాను మొత్తం ఇంకొకరికి ఇవ్వండి. స్టవ్ ఒకచోట, అగ్గిపెట్టె ఒకచోట పెట్టుకుని పచ్చి అటుకులు నమిలే పరిస్థితి తెచ్చుకోవద్దు. టెంటు లేనివాళ్ల దగ్గర వెండిరేకు లాంటి ఎమర్జెన్సీ బివీ సంచి (ఆపదలో లోపల దూరి పడుకునేది) ఉండాలి. వంద నూటయాభై గ్రాములే.

పంచుకోకూడనివి: స్లీపింగ్ బ్యాగ్, వానకోటు, వెచ్చని జాకెట్, లైటు, విజిల్, అగ్గిపెట్టె, ఒక లీటరు సీసా, ఒక పూట పొడితిండి, కొంత డబ్బు, గుర్తింపుకార్డు, దారి మ్యాపు ఆఫ్‌లైన్‌లో దింపిన ఫోను. ఒకరి ఫోన్‌లో ఉందిలే అనుకుంటే, ఆ ఫోను నీళ్లలో పడిన రోజున ఇద్దరికీ దారి ఉండదు.

సంచి సర్దడంలో అందరూ చేసే పొరపాటు బరువైనవి అడుగున వేయడం. అడుగున స్లీపింగ్ బ్యాగ్, దాని మీద వీపుకు ఆనుకుని తిండి, గ్యాస్, వాటి ముందు బట్టలు, అన్నిటికీ పైన వానకోటు. లోపల ముందుగా ఒక పెద్ద చెత్తసంచిని అస్తరులా పరిచి అందులో సర్దండి. సంచి మీద కప్పే తొడుగు ఉన్నా వీపు వైపు నుంచి నీళ్లు కారుతాయి. వేసుకునేటప్పుడు అన్ని పట్టీలూ వదులు చేసి, ముందు నడుంపట్టీని తుంటి ఎముకల మీద బిగించి, తర్వాత భుజం పట్టీలు, ఆ తర్వాత భుజాల పైనుండే చిన్న పట్టీలు, చివరికి ఛాతీ పట్టీ. సరిగ్గా కుదిరితే బరువులో ఎక్కువ భాగం తుంటి మీద ఉంటుంది. మెడ లాగుతుంటే నడుంపట్టీ కిందికి జారిందని అర్థం.

బట్టలు, బూట్లు, పడక

కాటన్ బనియన్లు, జీన్సు ఇంట్లో వదిలేయండి. చెమటకు తడిసిన నూలు ఆరదు, ఆగిన రెండు నిమిషాల్లో వణుకు పుడుతుంది. ఒంటికి అంటుకుని సింథటిక్ లేదా ఉన్ని చొక్కా, మధ్యలో ఫ్లీస్, ఆగినప్పుడు వేసుకునే మందపాటి వెచ్చని జాకెట్, పైన వానకోటు. రాత్రికోసం ఒక జత పొడిబట్టలు, ఒక జత ఉన్ని మేజోళ్లు విడిగా మూటకట్టి పెట్టుకోండి. నడిచేటప్పుడు ఎంత తడిసినా వాటిని తీయొద్దు. పొద్దున తడి మేజోళ్లే మళ్లీ వేసుకోవడం బాధగానే ఉంటుంది, పది నిమిషాల్లో సర్దుకుంటుంది.

బూట్లు కొత్తవైతే ముందే కనీసం 50 కిలోమీటర్లు నడిచి ఉండాలి. కాలిగోళ్లు బయల్దేరే రెండు రోజుల ముందే కత్తిరించుకోవాలి, లేకపోతే దిగేటప్పుడు బొటనవేలి గోరు నల్లబడుతుంది. మడమ దగ్గర వేడిగా అనిపించిన ఆ క్షణంలోనే ఆగి టేపు వేయాలి. ఇంకో కిలోమీటరు చూద్దామనుకుంటే బొబ్బ లేస్తుంది, మిగిలిన మూడు రోజులూ ఇద్దరి వేగం ఆ బొబ్బ వేగమే.

స్లీపింగ్ బ్యాగ్ మీద చలి అంకెలుంటాయి, కంఫర్ట్ (హాయిగా నిద్రపట్టే చలి) అని, లిమిట్ (ముడుచుకుని ఓర్చుకోగలిగే చలి) అని. చూడాల్సింది కంఫర్ట్. అది మైనస్ 5 ఉంటే ఈ దారికి సరిపోతుంది. దుకాణంవాళ్లు పెద్దక్షరాల్లో రాసేది లిమిట్ అంకెనో, అంతకంటే ఘోరమైన ఎక్స్‌ట్రీమ్ (ప్రాణం మాత్రం నిలిచే చలి) అంకెనో అయి ఉంటుంది. హైదరాబాద్, విజయవాడల్లో ఇక ఎన్నడూ వాడనివాటిని కొనడం కంటే సాంక్రీలో అద్దెకు తీసుకోవచ్చు. జిప్పు పూర్తిగా వేసి తీసి చూసి, వాసన చూసి తీసుకోండి. ఎంత మంచి బ్యాగైనా కింద చాప పలచగా ఉంటే చలి నేలలోంచి వస్తుంది.

తిండి, గ్యాస్

ఎత్తు పెరిగేకొద్దీ నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి, సుమారు 300 మీటర్లకు ఒక డిగ్రీ చొప్పున. 3,500 మీటర్ల దగ్గర 88 డిగ్రీలకే మరుగుతాయి. అందుకే కుక్కర్ లేకుండా కందిపప్పు ఎంతసేపు పెట్టినా బద్దలుబద్దలుగానే ఉంటుంది, గ్యాస్ మాత్రం అయిపోతుంది. పెసరపప్పు తీసుకెళ్లండి. ఇంట్లోనే దోరగా వేయించి, వండే గంట ముందు బియ్యంతో కలిపి నానబెడితే పులగం తేలిగ్గా ఉడుకుతుంది.

ఇద్దరికి ఒక రోజు తిండి గ్రాముల్లో ఇలా వస్తుంది. పొద్దున ఉప్మారవ్వ 160, పల్లీలు 30, నెయ్యి 25. రవ్వను ఇంట్లోనే తాలింపుతో వేయించి పొట్లం కడితే పైన నీళ్లు మరిగించి పోయడమే. మధ్యాహ్నం అటుకుల చుడువా 150, దానికి పొయ్యి అక్కర్లేదు. రాత్రి పులగానికి బియ్యం 200, పెసరపప్పు 100, నెయ్యి 30, కందిపొడి లేదా నల్లకారం 20. టీకి పాలపొడి 50, చక్కెర 50, టీపొడి 10. దారిలో నమలడానికి పల్లీచిక్కీ 200, బాదం కిస్‌మిస్ 100. మొత్తం 1,125 గ్రాములు, ఒక్కొక్కరికి సుమారు 2,500 కేలరీలు. నాలుగు రోజులకు నాలుగున్నర కిలోలు, దాని మీద అదనంగా ఒక రాత్రి భోజనం. ఆ అదనపు పొట్లాన్ని చివరి రోజు దాకా విప్పకూడదు. ఆవకాయ తీసుకెళ్లాలన్న కోరిక అందరికీ ఉంటుంది గానీ, నూనె కారి స్లీపింగ్ బ్యాగ్‌కి అంటితే ఆ వాసన ఇక వదలదు. పొడులతో సరిపెట్టుకోండి. సున్నుండలు చలికి గట్టిపడతాయి తప్ప పాడవవు, చిక్కీకి బదులు అవీ బాగుంటాయి.

ప్రతి పూటకు ఒక జిప్ సంచి, ఉప్పుతో సహా అందులోనే. పెద్ద డబ్బాలోంచి అందాజుగా వేసుకుంటూ పోతే మూడోరోజుకు లెక్క తప్పుతుంది.

గ్యాస్ లెక్క. గాలిలేని చోట ఒక లీటరు నీళ్లు మరగడానికి 12 నుంచి 15 గ్రాములు పడుతుంది. టీ, ఉప్మా, పులగం, సీసాల్లోకి వేడినీళ్లు కలిపి ఇద్దరికి రోజుకు మూడున్నర లీటర్లు అనుకుంటే 50 గ్రాములు. గాలి, చలి, పులగం ఉడికే సమయం కలిపితే అది 75-80కి పోతుంది. నాలుగు రోజులకు 300 పైమాటే. కాబట్టి 230 గ్రాముల డబ్బా ఒకటి చాలదు, రెండు కావాలి. కొనేటప్పుడు లేబులు చదవండి. ఒట్టి బ్యూటేన్ అయితే సున్నా దగ్గర ఆవిరవడం మానేస్తుంది, దాని మరుగు స్థానమే మైనస్ 0.5 డిగ్రీలు. ఐసోబ్యూటేన్, ప్రొపేన్ కలిపిన మరచుట్టు డబ్బాలు తీసుకోండి. పొడుగ్గా స్ప్రే డబ్బాలా ఉండే చవకరకం చాలావరకు ఒట్టి బ్యూటేనే, పైన పొద్దున్నే మంట సన్నగిల్లి ఏడిపిస్తుంది. రాత్రి డబ్బాను స్లీపింగ్ బ్యాగ్‌లో కాళ్ల దగ్గర పెట్టుకుంటే పొద్దున మంట బాగుంటుంది.

గ్యాస్ డబ్బాలను విమానంలో ఏ సంచిలోనూ తీసుకెళ్లనివ్వరు, రైల్లోనూ నిషిద్ధమే. డెహ్రాడూన్‌లో గానీ సాంక్రీలో గానీ కొనుక్కోండి. అగ్గిపెట్టె, లైటర్ కూడా అక్కడే. పవర్ బ్యాంక్ చేతిసంచిలోనే ఉండాలి. నడకకర్రలు, చాకు చెక్ఇన్ సామానులో వేయండి.

అమెరికా నుంచి వచ్చి ఇక్కడ నడుద్దామనుకునే మనవాళ్లకు ఒక హెచ్చరిక. గార్మిన్ ఇన్‌రీచ్ లాంటి శాటిలైట్ పరికరాలు, శాటిలైట్ ఫోన్లు మనదేశంలో అనుమతి లేకుండా దగ్గర ఉంచుకోవడమే నేరం. విమానాశ్రయంలో పట్టుబడి కేసుల్లో ఇరుక్కున్న విదేశీయులున్నారు. అక్కడ ప్రాణరక్షణకు వాడేది ఇక్కడ చిక్కులు తెస్తుంది, ఇంట్లో వదిలిరండి.

నీళ్లు

వాగు ఎంత తేటగా ఉన్నా పైన గొర్రెలమందలుంటాయి. మరిగిస్తే 2,000 మీటర్లు దాటాక మూడు నిమిషాలు తెర్లనివ్వాలి. క్లోరిన్ బిళ్ల వేస్తే అరగంట, చల్లటి నీళ్లకు ఇంకా ఎక్కువసేపు. సన్నటి గొట్టాలుండే ఫిల్టరు లోపల నీరు ఒక్కసారి గడ్డకడితే అది పనికిరాదు, పైకి చూస్తే ఆ సంగతి తెలియదు కూడా. దాన్నీ రాత్రి పడకలోనే పెట్టుకోండి. మలవిసర్జనకు నీటికి 60 మీటర్ల దూరంలో జానెడు లోతు గుంట తవ్వి పూడ్చేయాలి, కాగితం వెంట తెచ్చేయాలి.

ఇంటి దగ్గర తయారీ

ఆరు నుంచి ఎనిమిది వారాలు కావాలి. మైదానంలో పరుగు ఊపిరికి మంచిదే, కానీ దిగేటప్పుడు మోకాళ్లను కాపాడేది మెట్లే. వారానికి మూడుసార్లు అపార్ట్‌మెంట్ మెట్లు సంచితో ఎక్కి దిగండి, 4 కిలోలతో మొదలుపెట్టి 10కి పెంచుతూ. లిఫ్టులో దిగొద్దు, దిగడమే అసలు సాధన. తిరుపతికి దగ్గరివాళ్లకు అలిపిరి దారి ఉండనే ఉంది. 3,550 మెట్లు, సుమారు 9 కిలోమీటర్లు. ఇద్దరూ కలిసి ఒక్కసారైనా ఎక్కితే ఎవరి నడక ఎలాంటిదో దాచినా దాగదు.

బయల్దేరే ముందు ఒక రాత్రి మేడ మీద మొత్తం సామానుతో గడపండి. హెడ్‌ల్యాంప్ వెలుగులో టెంటు వేయండి, ఒకరు వేశాక విప్పి రెండోవాళ్లు ఒంటరిగా వేయాలి. అలాగే స్టవ్ ఇద్దరూ వెలిగించాలి. ‘నాకు వంట, నీకు టెంటు’ అని పనులు పంచుకోవడం బాగానే ఉంటుంది, జ్వరంతో పడుకున్నది టెంటు వేసే మనిషి అయ్యేదాకా. మేడ మీద కాంక్రీటులో మేకులు దిగవు కదా, అక్కడ రాళ్లకు తాళ్లు కట్టడం నేర్చుకుంటే పైన గడ్డకట్టిన నేలమీదా పనికొస్తుంది. వంట మాత్రం ఎప్పుడూ టెంటు బయటే. లోపల స్టవ్ వెలిగిస్తే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

ఇంట్లోవాళ్లకు ఒక కాగితం రాసివ్వండి: దారి, మజిలీలు, తేదీలు, సాంక్రీలో దిగే చోటి ఫోన్ నంబరు, ఏ రోజు రాత్రి ఎన్నింటికల్లా ఫోను రాకపోతే కంగారుపడాలి, అప్పుడు ఎవరికి ఫోన్ చేయాలి. ఆ గడువు అనుకున్న సమయానికి ఒక పూట తర్వాత పెట్టండి. జీపు దొరక్క ఆలస్యమైనందుకు ఊరంతా గగ్గోలెత్తకూడదు. ఇన్సూరెన్స్ పత్రంలో ట్రెక్కింగ్‌కు, ఎత్తుకు మినహాయింపులున్నాయేమో చూసుకోండి.

దారిలో

నెమ్మదిగా నడిచేవాళ్లు ముందు నడవాలి. వేగంగా నడిచేవాళ్లు ముందుంటే, వాళ్లు ఆగి సేదతీరేలోపు వెనకవాళ్లు వచ్చి చేరతారు, వెంటనే లేచి బయల్దేరతారు. ఒకరికి విశ్రాంతి, ఇంకొకరికి పరుగు. రెండు గంటలు ఇలా సాగితే మాటామాటా పెరుగుతుంది. కనుచూపు దాటి పోకూడదు. ప్రతి వంతెన, ప్రతి చీలిక, ప్రతి ఊరి దగ్గర ఇద్దరూ కలిశాకే ముందుకు. బరువుతో ఎక్కేటప్పుడు గంటకు రెండు కిలోమీటర్లు అంటే బాగా నడిచినట్టే. గంటకోసారి పది నిమిషాలు ఆగి చిక్కీ ముక్క, నాలుగు గుక్కల నీళ్లు. ఆకలి వేశాక తింటే ఆలస్యమైనట్టు.

కంచరగాడిదలు ఎదురైతే కొండవైపు నిలబడండి, లోయవైపు నిలబడితే వాటి మూటలు తగిలి పడిపోతారు. గొర్రెలమంద కనిపిస్తే కాపరి కుక్కలు తప్పకుండా ఉంటాయి. దూరంనుంచే కేకేసి కాపరి పిలిచేదాకా ఆగండి.

సాయంత్రం 4కల్లా మజిలీ చేరాలి. టెంటు వేసే చోట నీళ్లకు దగ్గరగా ఉండాలని ఆశపడి వాగు ఒడ్డున వేయొద్దు. చల్లగాలి అక్కడే కూడుతుంది, రాత్రి నీటిమట్టం మారొచ్చు. రాత్రి టెంటు గాలి రంధ్రాలు మూయకండి. చలికి భయపడి మూస్తే ఇద్దరి ఊపిరి ఆవిరి నీటిబొట్లై పొద్దుటికి పడకలు తడుస్తాయి. తడిసిన పడక చలి గాలి చలికంటే చాలా ఎక్కువ.

ఎత్తు వల్ల వచ్చే జబ్బు

2,500 మీటర్లు దాటాక తలనొప్పితో పాటు వికారం, తల తిరగడం, ఆకలి లేకపోవడం, నిస్త్రాణ ఉంటే అది ఎత్తు జబ్బే అనుకోవాలి. ఎండవల్లేమో, నిద్రలేకేమో అని సర్దిచెప్పుకోవద్దు. ఆ రోజు ఇంకా పైకి ఎక్కకూడదు. పారాసిటమాల్ వేసి, నీళ్లు తాగి అక్కడే ఉండాలి. తగ్గకపోతే కిందికి. నేలమీద గీత గీసి, దాని మీద ఒక పాదం మడమకు రెండో పాదం వేళ్లు ఆనిస్తూ నడవమనండి. తూలితే మెదడుకు వాపు వస్తోందని గుర్తు. కూర్చున్నా ఆయాసపడుతుంటే, దగ్గులో నురగ వస్తుంటే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతోంది. ఈ రెండిట్లో ఏది కనిపించినా రాత్రయినా సరే దిగడం మొదలుపెట్టాలి, రెండోవాళ్లు చేయిపట్టుకుని. ఇక్కడ లోయదారి కాబట్టి ఓస్లా దాకా దిగితే చాలామటుకు కుదుటపడతారు. ఎత్తు జబ్బు రాకుండా వాడే డయామాక్స్ (అసిటజోలమైడ్) మందు గురించి బయల్దేరే ముందే డాక్టరును అడగండి. ముందుజాగ్రత్తగా సాధారణంగా 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు రాస్తారు. సల్ఫా మందులు పడనివాళ్లు ఆ సంగతి చెప్పాలి. మందు వేసుకున్నాం కదా అని వేగంగా ఎక్కేస్తే ప్రయోజనం ఉండదు.

అసలు విషయం ఏమిటంటే, జబ్బుపడిన మనిషి తనకేం కాలేదనే అంటారు. అందుకే రోజూ రాత్రి భోజనం దగ్గర ఒకరినొకరు అడగండి: తలనొప్పి ఉందా, ఎంత తిన్నావు, మూత్రం రంగు ఎలా ఉంది. సిగ్గుపడే ప్రశ్నలేం కావు.

ఒకరు నడవలేకపోతే

ముందు ఇద్దరూ కూర్చోండి. గాయపడినవాళ్లకు వెచ్చని బట్టలన్నీ తొడిగి, కింద చాప వేసి, టెంటు వాళ్లు పడిన చోటికి దగ్గర్లోనే వేయండి. ఈ దారిలో పగటిపూట మనుషులు తిరుగుతుంటారు, కాబట్టి గంటా రెండు గంటలు చూడటం వదిలివెళ్లడం కంటే మేలు. విజిల్ నిమిషానికి ఆరుసార్లు ఊది ఒక నిమిషం ఆగి మళ్లీ ఊదాలి. వెళ్లక తప్పదనుకుంటే చీకటిపడే ముందే చేరగలిగితేనే వెళ్లండి. నీళ్లు, తిండి, లైటు, విజిల్ చేతికందేలా పెట్టి, ఫోన్‌లో ఆ చోటు గుర్తు పెట్టుకుని, ఒక కాగితం మీద రాసి తీసుకెళ్లండి: ఎక్కడ, ఎప్పుడు, ఏం జరిగింది, మనిషి వయసు, ఇచ్చిన మందులు, దగ్గరున్న సామాను. కంగారులో నోటిమాట తప్పుతుంది, కాగితం తప్పదు. ఇంకో కాగితం గాయపడినవాళ్ల దగ్గర ఉంచండి, మీరు ఎటు వెళ్లారో, ఎప్పటికల్లా వస్తారో రాసి. మొదట చేరాల్సింది ఓస్లాకే. అక్కడ మనుషులు, కంచరగాడిదలు దొరుకుతాయి, సిగ్నల్ అందే చోటు వాళ్లకే తెలుస్తుంది. అందగానే 112కి ఫోన్ చేయండి.

సాంక్రీకి దిగిరాగానే ఇంటికి ఫోన్ చేసి, కాగితం మీద రాసిచ్చిన ఆ కంగారు గడువు రద్దుచేయండి. అలసిపోయి నిద్రపోయి ఈ ఒక్కటి మరిచిపోయేవాళ్లే ఎక్కువ. ఇల్లు చేరాక టెంటును ఆరబెట్టాకే మడవండి. తడిగా మూటకడితే వారంలో బూజు పడుతుంది, లోపలి పూత ఊడిపోతుంది.